ఐసు కరిగిన రోజు

(పశువైద్య విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వేదిక మీదున్న పెద్దలకు, నా ముందు కూర్చున్న పిల్లలకు నమస్కారం. పశువుల వైరస్ జబ్బులకు టీకాలు ఎలా తయారవుతాయో చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. దానికంటే ముందు మీకు రెండు సీసాల సంగతి చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను పాలమూరు వైపు వేశారు. మే నెల. గొర్రెలకు పారుడు రోగం టీకా, అంటే మీరు పుస్తకంలో పీపీఆర్ అని చదువుకునే జబ్బుకు టీకా, వేయడానికి పొద్దున్నే బయల్దేరాం. మోటారు సైకిలు మీద నేను, వెనకాల అటెండరు, అతని ఒళ్లో థర్మోకోల్ డబ్బా. తీరా వెళ్తే మంద అక్కడ లేదు. రాత్రి ఒక రైతు చేనులో మంద పెట్టి, తెల్లారకముందే ఇంకో ఊరి దిక్కు తోలుకుపోయారట. అడుగుతూ అడుగుతూ పోయి కలుసుకునేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. డబ్బా మూత తీస్తే ఐసు లేదు. నీళ్లున్నాయి. ఆ నీళ్లలో సీసాలు దొర్లుతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా తగిలాయి.

ఆ రోజు నేను తిరిగి వచ్చేయాల్సింది. రాలేదు. మా కోసం మేత మానిపించి మందను ఎండలో ఆపి ఉంచారు. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. పైగా నెలాఖరుకు లెక్క చూపించాలి. సీసాలు ఒక్కొక్కటే సెలైన్‌లో కలుపుకుంటూ నాలుగు వందల జీవాలకు తలా ఒక మిల్లీలీటరు చర్మం కింద వేసేశాం. రిజిస్టరులో నాలుగు వందలు అని రాసి సంతకం పెట్టాను.

వానలు పడ్డాక కబురొచ్చింది. వెళ్లి చూస్తే మందలో సగానికి పైగా జీవాలు తలలు వేలాడేసి నిలబడి ఉన్నాయి. ముక్కుల్లోంచి చీమిడి కారి, ఎండి, రంధ్రాలు పూడుకుపోయాయి. కళ్ల కింద పుసి. పెదవి తిప్పి చూస్తే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పుండ్లు. తోకలు, వెనక కాళ్లు పారుడుతో తడిసిపోయి ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. మంద పెద్ద నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "మొన్ననే సూదులేస్తిరి గద సారూ?" అన్నాడు. అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆనాడు వాడకుండా మిగిలిన రెండు సీసాలు ఆఫీసు ఫ్రిజ్‌లో అలాగే ఉన్నాయి. వాటిని పట్టుకుని ల్యాబుకు వెళ్లాను. ఈ టీకాలో ప్రాణం ఉందో లేదో తేల్చడానికి వీరో కణాల మీద వేసి చూస్తారు. ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి 1962లో జపాన్‌లో పెంచడం మొదలుపెట్టిన కణాలవి. గాజు అడుగున గచ్చు పరిచినట్టు ఒక పొరగా పెరుగుతాయి. టీకా వైరస్ బతికి ఉంటే కొద్ది రోజుల్లో ఆ గచ్చు చెదిరిపోవాలి. పక్కపక్క కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద ముద్దలవుతాయి, అక్కడక్కడా చిల్లులు పడతాయి. నేను రోజూ వెళ్లి మైక్రోస్కోపులో చూసేవాణ్ని. వారం గడిచింది. పొర చెక్కు చెదరలేదు. ఒక్క కణం కూడా చావలేదు. అంత ఆరోగ్యంగా, అంత అందంగా ఉన్న కణాలను చూసి నాకు కడుపులో దేవినట్టయింది. వాటి ఆరోగ్యమే నా టీకా చచ్చిందని సాక్ష్యం. ఆ గొర్రెలకు నేను వేసింది ఉప్పునీళ్లు.

టీకాల తయారీ వైపు నేను మళ్లింది ఆ వారంలోనే. అందుకే ఇవాళ నేను చెప్పే టీకా కథ మీ పుస్తకంలో ఉన్నట్టు వైరస్ దగ్గర మొదలై సీసా దగ్గర ఆగదు. సీసా మంద దాకా ఎలా చేరుతుంది, చేరాక ఎన్నాళ్లు వేయాలి, ఎప్పుడు ఆపాలి, అదంతా తయారీలో భాగమే.

సరే, సీసాలోకి ఏం పోస్తాం? దీనికి పెద్ద రోగం కథ చెప్పాలి. ముసర వ్యాధి అనీ అంటారు, ఇంగ్లీషు పుస్తకాల్లో రిండర్‌పెస్ట్. మీలో ఎవరూ దీన్ని చూడలేదు, చూడబోరు కూడా. మా తాతల తరంలో కొట్టాలకు కొట్టాలు ఒక్క వారంలో ఖాళీ అయ్యేవి. 1887 ప్రాంతంలో ఇది ఆఫ్రికాలో అడుగుపెట్టి పదేళ్లలో ఖండం దక్షిణపు కొస దాకా పాకింది. పోయిన చోటల్లా పశువుల్లో నూటికి ఎనభై, తొంభై చచ్చాయి. దున్నేందుకు ఎద్దు లేక, తాగేందుకు పాలు లేక ఇథియోపియాలో మూడోవంతు జనం కరువులో పోయారంటారు. మన దేశంలో దీన్ని పట్టుకోవడానికే 1889లో పూనాలో ఒక ల్యాబు పెట్టి, 1893లో దాన్ని హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మార్చారు. ఈనాటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలం అదే. అంత ఎత్తున, అంత దూరాన ఎందుకంటే ఆ వైరస్ తప్పించుకుని మైదానాల మీద పడకూడదని.

1920ల దాకా వాళ్లు చేసింది మొరటు పని. ఒకవైపు జబ్బు పశువు రక్తం, ఇంకోవైపు కోలుకున్న పశువు సీరం, రెండూ ఒకేసారి ఎక్కించేవారు. ఒకటి తగులుకుంటే ఇంకోటి కాపాడాలి. చిక్కేమిటంటే ఆ రక్తంతో పాటు పిరోప్లాస్మాలు, అంటే గోమారి జబ్బుల సూక్ష్మజీవులు, కూడా పోయేవి. ముసర నుంచి కాపాడబోయి ఇంకో జబ్బు అంటించేవాళ్లు. ఎడ్వర్డ్స్ అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పశువుల పిరోప్లాస్మాలు మేకలో బతకవు గదా, వైరస్‌ను మేకల గుండా పంపి వడకట్టుకుందాం అని. ఒక మేక నుంచి ఇంకో మేకకు, దాని నుంచి మరోదానికి, ఇలా వందల మేకలు. ఆయన కోరుకున్నది శుభ్రమైన రక్తం. దొరికింది అంతకంటే పెద్దది. అన్నాళ్లు మేకల్లో తిరిగిన వైరస్ పశువులో జబ్బు తెచ్చే గుణం చాలావరకు పోగొట్టుకుంది. పరాయి ఊళ్లో స్థిరపడిపోయినవాడికి సొంతూరి దారులు మరపుకొచ్చినట్టు. కానీ ఆ పశువు ఒంట్లోని రక్షణ వ్యవస్థ మాత్రం దాన్ని పాత శత్రువుగానే గుర్తుపట్టింది. మేక టీకా అలా పుట్టింది.

ఈ 'మరపు' అనే మాటను మనసులో పెట్టుకోండి. సజీవ టీకాల్లో చాలావాటికి ఇదే సూత్రం. మొన్నటికి మొన్న లంపీ చర్మ వ్యాధికి హిసార్, ఇజత్‌నగర్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన టీకా కూడా ఇంతే. 2019లో రాంచీ పశువుల నుంచి తీసిన వైరస్‌ను వీరో కణాల్లో 50 సార్లు పెంచి మెత్తబరిచారు. 2022 ఆగస్టులో దాన్ని విడుదల చేశారు. అప్పటికే గుజరాత్, రాజస్థాన్ గోశాలల్లో పశువులు గుట్టలుగా పడి ఉన్నాయి. అంతవరకూ మనం మేకల మశూచి టీకాతోనే నెట్టుకొచ్చాం. ఆ రెండు వైరస్‌లూ ఒకే కుటుంబానివి కాబట్టి కొంత పనిచేసింది.

మళ్లీ ముసరకు వద్దాం. మేక టీకా నాటు పశువులకు సరిపోయింది గానీ కొండజాతి పశువులకు, విదేశీ రకాలకు ఘాటెక్కువయ్యేది. కెన్యాలో మూగూగా అనే చోట వాల్టర్ ప్లోరైట్ అనే పశువైద్యుడు 1950ల చివర్లో మేకల దారి వదిలేసి, పశువుల్లో జబ్బు తెచ్చే ముసర వైరస్‌నే నేరుగా గాజులో పెంచిన దూడ మూత్రపిండ కణాల్లోకి తెచ్చాడు. తొంభై సార్లకు పైగా పెంచాక వచ్చిన వైరస్ ఏ జాతి పశువుకైనా, చూడి పశువుకైనా, దూడకైనా హాని చేయలేదు. ఒక్కసారి వేస్తే పశువు బతికినంతకాలం ముసర రాదు. ధర కూడా తక్కువే. 1999లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

ఇంత మంచి టీకా 1960లకే చేతికొచ్చిందా? వచ్చింది. మరి ముసర పోయిందెప్పుడు? ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించింది 2011లో. మధ్యలో యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లు ఏమైపోయాయి? ఇక్కడే నన్ను చాలాకాలం వేధించిన విషయం ఉంది.

ఒక కారణం నా థర్మోకోల్ డబ్బా. ముసర చివరికి తలదాచుకున్నది ఆసుపత్రులున్న చోట కాదు. ఆఫ్రికాలో పశువుల వెంట తిరిగే జనాల దగ్గర, రోడ్లు లేని, కరెంటు లేని, ఐసు దొరకని చోట. 1980ల చివర జెఫ్రీ మారినర్ అనే పశువైద్యుడు ఈ చిక్కు మీద కూర్చున్నాడు. ఆయన కొత్త వైరస్ కోసం వెతకలేదు. ప్లోరైట్ వైరస్‌నే వీరో కణాల్లో పెంచి, ఎండబెట్టే పద్ధతి మార్చాడు. మీరు ల్యాబులో చూసే ఉంటారు, టీకా సీసా అడుగున తెల్లటి బిళ్ల ఒకటి ఉంటుంది. టీకాను గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో పెడితే ఐసు కరగకుండానే ఆవిరైపోయి ఆ బిళ్ల మిగులుతుంది. వైరస్ చుట్టూ కాపలాగా చక్కెర, పాల నుంచి తీసిన ప్రోటీన్ కలుపుతారు. బిళ్లలో ఎంత తడి మిగిలితే వేడికి వైరస్ అంత తొందరగా చస్తుంది. మారినర్ ఇంకా ఎక్కువసేపు, ఇంకా బాగా ఎండబెట్టాడు. ఆ సీసా ఐసు లేకుండా నెల రోజులు ఆగింది. దాన్ని ఇథియోపియాలో అఫార్ పశుపాలకుల చేతికే ఇచ్చారు. డాక్టర్లు కాదు, వాళ్లలో వాళ్లే నేర్చుకుని, సంచీలో పెట్టుకుని, నడిచిపోయి వేశారు. దశాబ్దాలుగా లొంగని చోట జబ్బు లొంగింది.

బిళ్లలో ఆ కాస్త తడి. తేడా అంతే. పిల్లలూ, టీకా పరిశోధన అంటే జన్యువుల పనే గొప్ప, ఎండబెట్టడం గుమాస్తా పని అని మీలో ఎవరైనా అనుకుంటుంటే ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి.

రెండో కారణం మన దేశానిది. 1954లో జాతీయ ముసర నిర్మూలన కార్యక్రమం మొదలైంది. సిబ్బంది మూడున్నర దశాబ్దాలు టీకాలు వేశారు. జబ్బు బాగా తగ్గింది, పోలేదు. ఎందుకంటే అన్నిచోట్లా కొద్దికొద్దిగా వేస్తూ పోతే సగం పశువులకు రక్షణ ఉంటుంది, సగానికి ఉండదు. ఆ సగం సగం రక్షణ మధ్యలో జబ్బు మందకొడిగా, పైకి తెలియకుండా తిరుగుతుంది. కొత్తగా పుట్టిన దూడలు దానికి మేత. 1990ల్లో తీరు మార్చారు. జబ్బు ఉన్నచోట గట్టిగా వేయడం, లేదనుకున్నచోట టీకా పూర్తిగా ఆపేసి ఊరూరా తిరిగి వెతకడం. ఆపడమంటే మాటలు కాదు. ముప్పై ఏళ్లు వేసిన టీకా ఆపేశాక ఎక్కడో ఒకచోట రగిలితే కొన్ని వారాల్లో జిల్లాలు తగలబడిపోతాయి. ఆ ఫైలు మీద సంతకం పెట్టినవాళ్ల ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. 1995లో తమిళనాడు ఉత్తర ఆర్కాటులో చివరి కేసు. 2006లో మన దేశానికి ముసర లేదని ధ్రువపత్రం వచ్చింది.

సరిగ్గా ఈ వెతుకులాట మధ్యలో గొర్రెలు అడ్డొచ్చాయి. 1987లో తమిళనాడులోని అరసూరులో గొర్రెలు చచ్చిపోతే, అది ముసర కాదు, దాని చెల్లెలు లాంటి పీపీఆర్ అని తేలింది. అంతకుముందు ఇలాంటివి ఎన్ని వచ్చినా ముసరే గొర్రెలకు సోకిందని రాసుకుని ఉంటారు. రెండూ అంత దగ్గరవి. ఎంత దగ్గరవంటే ముసర టీకా వేస్తే గొర్రెకు పీపీఆర్ రాదు. ఇంకేం, ఉన్న టీకానే వేసేద్దాం అనుకున్నారు, వేశారు కూడా. కానీ ముసర ఉందో లేదో తేల్చడానికి రక్తంలో దాని యాంటీబాడీలు వెతుకుతాం. గొర్రెలకు ముసర టీకా వేస్తే ఆ యాంటీబాడీలు వాటి రక్తంలోనూ కనిపిస్తాయి. అవి టీకావా, ఎక్కడో దాగిన ముసరవా? ఎవరూ చెప్పలేరు. అందుకని పీపీఆర్‌కు దాని సొంత వైరస్‌తోనే టీకా చేసుకోక తప్పలేదు. ఆఫ్రికాలో 1975 నాటి నైజీరియా వైరస్‌తో చేశారు. మనవాళ్లు ముక్తేశ్వర్‌లో హిమాచల్‌లోని సుంగ్రి మేకల వైరస్‌తో సుంగ్రి 96 చేశారు, తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం అరసూరు వైరస్‌తో ఇంకోటి చేసింది. నేను ఆ మే నెలలో చేజేతులా చంపింది ఇలాంటి టీకానే.

ఆ టీకా ఎంత మంచిదో చెప్పాలి. పీపీఆర్‌లో జన్యు వంశాలు నాలుగున్నా టీకాకు అన్నీ ఒకటే, దేనితో చేసినా అన్నింటినీ ఆపుతుంది. డోసుకు కనీసం 300 పైచిలుకు బతికున్న వైరస్ యూనిట్లు చాలు, అవి ఒంట్లో పెరిగి మూడేళ్లకు పైగా కాపాడతాయి. గొర్రె సగటున మందలో ఉండేదే అన్నేళ్లు. అంటే ఒక జీవానికి ఒక్క సూది. గాలికుంటుకు ఇలాంటి సుఖం లేదు. దాని వైరస్‌లో ఏడు రకాలు, ఒకదాని టీకా ఇంకోదానికి పనికిరాదు. మన టీకాలో ఓ, ఏ, ఏషియా 1 మూడూ కలుపుతాం. పైగా అది చంపిన వైరస్ టీకా, ఆరు నెలలకోసారి వేయాలి. గాలికుంటు టీకా నూనెలో కలిపి ఉంటుంది కాబట్టి దాన్ని గడ్డకట్టనివ్వకూడదు, గడ్డకడితే నూనె, నీరు విడిపోతాయి. వేడికీ ఓర్వదు, వైరస్ గుల్ల ముక్కలైపోతుంది. ఫ్రిజ్‌లో ఏ టీకా ఏ అరలో పెడుతున్నారో చూసుకోండి, ఐసు అరకు ఆనించి గాలికుంటు సీసాలు పెట్టడం నేను ఇప్పటికీ చూస్తుంటాను. నీలి నాలుకకైతే ఇంకా కష్టం. మన రెండు రాష్ట్రాల గొర్రెలకు వానల తర్వాత చిన్న కుట్టే ఈగలు అంటించే జబ్బు ఇది, రకాలే ఇరవై నాలుగు పైన. ఐదు రకాలు ఏర్చి కలిపిన టీకా మనకుంది.

గాలికుంటు టీకాలో ఒక్క తెలివి మాత్రం పీపీఆర్ టీకాలో లేదు. తయారీలో వైరస్ గుల్లను మాత్రమే ఉంచి, వైరస్ కణాల్లో పెరిగేటప్పుడు పుట్టే మిగతా ప్రోటీన్లను కడిగేస్తారు. దాంతో టీకా వేసిన పశువు రక్తానికి, నిజంగా జబ్బు పడ్డ పశువు రక్తానికి తేడా పరీక్షలో దొరుకుతుంది. పీపీఆర్‌లో ఇప్పుడు వాడుతున్న సజీవ టీకాకు అలాంటి గుర్తు లేదు. 2030 నాటికి పీపీఆర్‌ను ప్రపంచం నుంచే తుడిచేయాలని 2015లో లక్ష్యం పెట్టుకున్నారు. ముసరకు చేసినట్టే ఎక్కడో ఒకచోట ఆపి, వెతకాలి. ఆ రోజు రక్తం చూసి తేడా చెప్పగల టీకా ఉంటే పని ఎంత తేలికో ఆలోచించండి. ల్యాబుల్లో చేస్తున్నారు. మీలో ఎవరైనా పీహెచ్‌డీ అంశం కోసం వెతుకుతుంటే నేను చూపించే దారి ఇదే. దానితో పాటు వేడికి తట్టుకునేది. ఈ రెండూ ఒకే సీసాలో కావాలి.

ఇది మన ఇంటి పని అని ఎందుకంటున్నానో చెప్తాను. 2019 పశుగణనలో దేశం మొత్తం గొర్రెలు 7 కోట్ల 43 లక్షలు. అందులో తెలంగాణవి కోటీ 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌వి కోటీ 76 లక్షలు. సగం గొర్రెలు మన చేతుల్లో ఉన్నాయి. మన దగ్గర పోకపోతే పీపీఆర్ దేశంలో పోయినట్టు కాదు. మన మందలు ఒకచోట ఉండవు. మేత కోసం జిల్లాలు దాటతాయి, రాష్ట్రాలు దాటతాయి. ఏటా పిల్లలు పుడుతుంటాయి. వాటికి మూడు నాలుగు నెలల వరకు తల్లి పాల రక్షణ ఉంటుంది, అప్పుడు టీకా వేస్తే ఆ రక్షణే టీకాను చంపేస్తుంది. ఆ వయసు దాటగానే వేయాలి. మనం మాత్రం క్యాలెండరు చూసి వేస్తాం, పిల్లల వయసు చూసి కాదు. కాపరిని అడిగితే ఏ పిల్ల ఏ వెన్నెలకు పుట్టిందో చెప్తాడు. అతన్ని అడిగి మన తేదీ పెట్టుకోవాలి.

ల్యాబు ఫలితం చేతికొచ్చాక నేను ఆ మంద పెద్ద దగ్గరికి వెళ్లాను. ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. టీకా బాగానే ఉండింది, నా డబ్బాలో చచ్చిపోయింది, అయినా వేశాను అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఐసు కరిగితే మందు సస్తదని మాకెవ్వరు జెప్పలే" అన్నాడు చివరికి.

మరుసటి ఏడు చలికాలం చూసి వెళ్లాం. ఈసారి మంద ఎక్కడ దిగుతుందో ముందురోజే ఆయన కబురంపాడు. సూర్యుడు రాకముందే చేరాం. నేను సిరంజి తీయబోతుంటే ఆగమన్నాడు. వచ్చి డబ్బా మూత తనే తీసి, చెయ్యి అడుగుదాకా పెట్టి, ఐసు ముక్కల మధ్య కాసేపు ఉంచాడు. తీసి, తడి చెయ్యి గొంగడికి తుడుచుకుని, కొడుకు దిక్కు చూసి అన్నాడు: "సల్లగనే ఉన్నది. పట్టుండ్రి, ఏపిద్దం."